ఎనిమిదో బిళ్ళ

ఉదయం తొమ్మిదీ ఇరవైకి లెక్క తేలింది. నాలుగు రోజుల కిందట ఆ వంటగదిలో ఎనిమిది ఎలుకల మందు బిళ్ళలు పెట్టినట్టు రాసి ఉంది. ఏడు దొరికాయి. ఆ ఇంట్లో ఇప్పుడు పది నెలల పాప ఉంది.

మందు పెట్టినాయన సింకు కింద బోర్లా పడుకుని టార్చి వెలుగులో గోడ వారను చూస్తున్నాడు. ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. ఆ వీధుల్లో అందరూ పిల్లి మామ అంటారు. పందొమ్మిదో ఏట ధాన్యం గోదాములో బావ దగ్గర పని నేర్చుకున్నాడు. బావ అప్పుడే మూడు సంగతులు చెవిలో వేశాడు. చంటిపిల్లలున్న ఇంట్లో మందు పెట్టకు, బోను పెట్టు. ఎన్ని బిళ్ళలు పెట్టావో అలమర తలుపు లోపల అంకె వెయ్యి. ముందు పెట్టు, ఆ తర్వాతే రాయి.

ఈ ఇంట్లో మొదటిది తప్పింది గాని అది ఆయన పొరపాటు కాదు. పిల్లలున్నారా అని అడిగితే ఇంటావిడ లేరంది. ఆ రోజుకు లేరు. కూతురు పాపను తీసుకుని నిన్న సాయంత్రం చెప్పాపెట్టకుండా దిగింది. ఇంటావిడ గాభరాగా మూలమూలా ఊడ్చి, దొరికిన బిళ్ళలు కవరులో వేసి ముడేసింది. ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోలేదు. ఈ ఉదయం పాప సింకు ముందు కూర్చుని ఏదో నములుతూ కనిపించింది. తల్లి నోట్లో వేలు పెట్టి తీస్తే నీలం రంగు ముద్ద వచ్చింది. బిళ్ళల రంగూ నీలమే. తల్లి చెప్పులు కూడా వేసుకోకుండా పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

మూడో సంగతి తప్పింది ఆయనే. ఆ రోజు ఏడో బిళ్ళ పెడుతుండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. "మీ చుట్టాలు దొరికారా?" అంది భార్య. ఎలుకల మీద రోజూ అదే హాస్యం. తర్వాత, బీపీ మాత్రలు అయిపోయి వారమైందనీ, ఇవాళైనా తెచ్చుకోమనీ చెప్పింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, చేతిలో పెన్సిల్ ఉంది కదా అని తలుపు మీద 8 వేసేశాడు. ఆ తర్వాత ఎనిమిదోది పెట్టాడో లేదో ఇప్పుడు ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు. మందు డబ్బా ఆ తర్వాత మరో మూడిళ్ళు తిరిగింది. అది చూసినా తేలదు.

ఇంటావిడ ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, పాపకి రక్తం తీశారట. సూది గుచ్చినా గట్టిగా ఏడవలేదట. ఎన్ని పెట్టారో డాక్టరుగారు అడుగుతున్నారు. ఏడా, ఎనిమిదా?"

ఏడు అంటే అంతటితో పోయేది. ఆవిడ ముఖం కూడా ఆ మాట కోసమే చూస్తోంది.

"తెలీదమ్మా," అన్నాడు.

"నలభై ఏళ్ళ నుంచీ ఇదే పని చేస్తూ, తెలీదంటే ఎలా అన్నయ్యా?"

ఆయన ఫ్రిజ్‌ను ముందుకు లాగాడు. ఎలుక గది మధ్యలో నడవదు, గోడను ఒరుసుకుంటూ పోతుంది. రోజూ ఒరుసుకున్న చోట జిడ్డు గీత పడుతుంది. ఆ గీత నీళ్ళ గొట్టం దాకా వచ్చి ఆగింది. పెంటికను వేలితో నొక్కాడు. మెత్తగా ఉంది, నిన్నటిదే. గొట్టం పక్కన సున్నం రాలి కన్నం కనిపించింది. చెవి సందులోంచి ఎర్ర పెన్సిల్ తీసి దూర్చాడు. పెన్సిల్ పట్టిన కన్నంలో ఎలుక దూరుతుంది. పట్టింది. గుర్తుకు దాన్ని అక్కడే వదిలేశాడు.

కన్నం అవతల అలమర అడుగు. కింది చెక్కకు ఆరు మరలున్నాయి. నాలుగోది విప్పుతుండగా ఎడమ చెయ్యి లాగింది. ఇంతసేపూ దాని మీదే పడుకున్నానుగా అనుకుని విదిలించాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఫోను మళ్ళీ మోగింది. ఇంటావిడ ఈసారి ఏమీ అడగలేదు, అవతలివాళ్ళతో "చూస్తున్నారు, చూస్తున్నారు" అంటోంది.

చెక్క ఊడింది. లోపల పిడికెడు గూడు. అంతా నీలం దూది. గూటి పక్కన ఎలుక చచ్చి పడి ఉంది. దూదిని వేళ్ళతో విడదీస్తే బిళ్ళ బయటపడింది.

దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఒక మూల కొరికి ఉంది. పాపకు పళ్ళు ఎన్నని అడిగాడు.

"కింద రెండే. బియ్యపు గింజలంత."

బిళ్ళ మీద గాట్లు దారమంత సన్నంగా, జంటలుగా ఉన్నాయి. కొరికిన మూల తాలూకు పొడి గూట్లోనే రాలి ఉంది. ఆ దూది ఎక్కడిదని అడిగాడు. ఇంటావిడ గదిలోకి వెళ్ళి నీలం బొంత తెచ్చింది. అంచు చిరిగి దూది వేలాడుతోంది. నిన్న పాపను దాని మీదే ఆడించారు.

"నోట్లోది ఇదే అయ్యుంటుందమ్మా. బిళ్ళని కొరికింది ఎలకే. ఫొటో పంపండి. ఎనిమిదే పెట్టానని చెప్పండి."

ఫొటో వెళ్ళింది. పది నిమిషాల తర్వాత కూతురు ఫోను చేసింది. పాప పాలు తాగిందట, సాయంత్రం దాకా చూసి పంపించేస్తామన్నారట. ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు సమయం పదకొండూ ఐదు.

ఆయన కాసిని మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగి కన్నం పూడుస్తానన్నాడు.

ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి ఆయన అలమరకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అన్నయ్యా అని రెండుసార్లు పిలిచింది. గ్లాసు నేల మీద పెట్టి భుజం తట్టింది. పాప ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళారు. దారిలోనే పోయాడని అక్కడ రాసిచ్చారు.

పాప నాలుగు గంటలకు ఇంటికి వచ్చింది. ఐదింటికి ఆయన భార్య తమ్ముడు వచ్చి సంచి తీసుకెళ్ళాడు. అందులో టార్చి, చేతి అద్దం, మరలు తిప్పేది, మందు డబ్బా ఉన్నాయి.

ఎర్ర పెన్సిల్ నీళ్ళ గొట్టం పక్కన ఉంది. నాలుగు వేళ్ళ పొడవు, సగం కన్నంలో, సగం బయట.