వెంచర్ ఇంట్లో కుండ నీళ్లు

ఆదివారం పొద్దున నా మొదటి పని కుండలో నీళ్లు నింపడం. ఇబ్రహీంపట్నంలో రెండు ఫిల్టర్ నీళ్ల క్యాన్లు కొంటాం. ఒకటి స్కూటర్ ముందు, ఒకటి నా ఒళ్లో. మంచాల ఊరికి వెళ్లే దారిలో మా ఆయన రమాకాంత్ ప్లాట్లు అమ్మే వెంచర్‌కు వెళ్లి, జనానికి చూపించడానికి కట్టిన ఇంట్లో, వంటగది కుండలో ఆ నీళ్లు పోస్తాను. ప్లాట్లు చూడవచ్చినవాళ్లు వాటిని వెంచర్ బోరు నీళ్లనుకుని తాగాలి. అసలు బోరు నీళ్లు నల్లా తిప్పితే వస్తాయి, పచ్చగా, కుళ్లిన గుడ్ల కంపుతో. వెనక గోడకు ఆనుకునే మందుల ఫ్యాక్టరీ.

ఆ ఇంటికి నేను ఇల్లాలిని. ఏడాదిగా అక్కడే కాపురముంటున్నట్టు ఇస్త్రీ చీర కట్టుకుని, ముప్పై మందికి బగారన్నం వండి, నవ్వుతూ వడ్డించాలి. జీతం సంగతి అడిగితే మొగనికి చేస్తే జీతమేందన్నాడు. ఇంట్ల వండుడే ఆడ వండుతున్నవ్, చేతులు అరిగిపోతయా అంది మా అత్త. చేతుల సంగతి కాదు. ఆ నవ్వు తలుచుకుంటే నాకే ఒళ్లు జలదరిస్తుంది.

హాల్లో గోడకు రంగుల ప్లాను ఉంది. ఫ్యాక్టరీలకూ ఇళ్లకూ నడుమ చెట్ల కోసం ఆకుపచ్చ పట్టీ. ఊరూ పెరగాలి, పనులూ రావాలి, మధ్యలో మనుషులు గాలి పీల్చాలని ఎవరో బుద్ధిగా గీసి ఉంటారు. వెంచర్ వాళ్లు ముందు ఆ పట్టీనే ముక్కలు చేసి అమ్మారు. చెట్లు ఈఎంఐ కడ్తయా అని మా ఆయన అంటే అందరూ నవ్వారు. చాయ్ అందిస్తూ నేనూ నవ్వాను. అదే నాకు రోత.

మొన్నటి ఆదివారం మౌనిక వచ్చింది. ఆదిబట్ల దగ్గర కంపెనీలో షిఫ్టులు చేస్తుందట, పనికి దగ్గరని ఇక్కడ ఇల్లు కట్టుకుంటుందట. చంకలో ఏడాది పాప. ఎండకు ఆ పిల్ల పెదాలు ఎండిపోయాయి. కుండలోంచి గ్లాసు ముంచి ఇస్తే మౌనిక ఒక గుక్క తాగి పాపకు పట్టింది, పాప గటగటా తాగింది.

"నీళ్లు మంచిగున్నయ్ అక్కా. నీ పిల్లలు గూడ గివే తాగుతరా?"

నాకంటే ముందు రమాకాంత్ అందుకున్నాడు. "మస్తు తియ్యగుంటయ్. ఏడాది సంది గివే తాగి మా ఆమె ఎట్ల బలిసిందో సూడు."

వెనకున్న మగవాళ్లు నన్ను కిందినుంచి పైదాకా చూసి నవ్వారు. ఆయన అగ్రిమెంట్ కాగితం తీసి మౌనిక ముందు పరిచి, పెన్ను అందించాడు. ఆమె పాపను ఇంకో చంకకు మార్చుకుని పెన్ను పట్టుకుంది.

పాప తాగిన గ్లాసు నా చేతిలోనే ఉంది. వంటగదిలోకి వెళ్లి, నల్లా తిప్పి, నిండా పట్టుకొచ్చాను. వాసనకు మౌనిక చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మనోజా" అని నన్ను అదిలించాడు మా ఆయన, పళ్ల సందునుంచి. ఆ గ్లాసును ఆయన కాగితం మీద పెట్టాను.

"బోరు నీళ్లు గివి, చెల్లె. నీ బిడ్డ తాగినవి నేను దుకాణంల కొని మోసుకొచ్చిన" అన్నాను. "నేనీడ ఉంటలేను. గీ ఇల్లు నాది కాదు."