విమానాలు దిగిన నూతిమూత

నేను ఒక చిల్లుల ఇనుప రేకుని. నా భయం ముందే చెప్పేస్తాను. నేను విరిగితే, నా మీద కూర్చునే నాలుగేళ్ల హేమ నూతిలో పడిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నన్ను ఓడలో తెచ్చారు. ఇక్కడి జీడితోటలు కొట్టి, పొలాలు చదును చేసి, నాలాంటి వేల రేకుల్ని కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి రన్‌వేగా పరిచారు. విమానం దిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని. అవి ఎవరి ఇళ్ల మీద బాంబులు వేసి వస్తున్నాయో నాకెవరూ చెప్పలేదు. యుద్ధం ఆగింది, దొరలు పోయారు. రైతులకు పొలాలు తిరిగి రాలేదు గాని, వేలంపాటలో మేం వచ్చాం. ఒకరు దడి కట్టుకున్నారు, ఒకరు పశువులసాలకు తలుపు చేసుకున్నారు. నేను మాత్రం సిపాయిలు తవ్వించి వదిలేసిన ఒక నూతికి మూతనయ్యాను. తర్వాత ఆ నూతి పక్కనే ఈ ఇల్లు లేచింది. రన్‌వే మీద ఇప్పుడు దిగేవి కొంగలే.

ఈ ఇంట్లో నేనంటే గొప్ప. ఏటా వెండిరంగు పూస్తారు. లోపల తుప్పు నన్ను తినేస్తున్న సంగతి ఆ రంగు బయటికి రానివ్వదు.

కోడలు నూకరత్నం ఒక్కతే నన్ను నమ్మదు. రోజూ రోకలితో తట్టి, చెవి ఆనించి వింటుంది. అన్నం ఉడికేలోపు మూడుసార్లు పెరట్లోకి వచ్చి చూసిపోతుంది. నా మీద ముళ్లకంప వేస్తుంది. అత్త అప్పయ్యమ్మ ఆ కంప లాగేసి, పాతచీర పరిచి వడియాలు పెడుతుంది. కాకులు తోలమని మనవరాలు హేమ చేతికి కర్ర ఇచ్చి, నా నడిమధ్య కూర్చోబెడుతుంది.

"అత్తా, నీ కాళ్లు పట్టుకుంతాను, దాన్ని ఆ రేకు మీద కూసోబెట్టకు" అంది నిన్న నూకరత్నం.

"ఇమానాలు దిగిన రేకే ఇది. పిచ్చికంత లేదు నీ గుంటపిల్ల, దానికి ఇరిగిపోద్దేటి?" అని నవ్వింది అప్పయ్యమ్మ.

దిగినమాట నిజమే. కానీ అప్పుడు నా కింద నేల ఉండేది. మోసింది నేల, పేరు నాది. ఈ ముక్క చెబుదామంటే ఒళ్లంతా చిల్లులే గాని నోరొక్కటీ లేదు.

ఇవాళ్టి నుంచి నూకరత్నం జీడిపిక్కల ఫ్యాక్టరీ పనికి పోతోంది. వీధి దాకా వెళ్లి, రెండుసార్లు వెనక్కి వచ్చి, కంప సర్ది, ఆటో కోసం పరిగెత్తింది. ఆమె మలుపు తిరక్కముందే కంప గోడవారకు చేరింది. చీర పరిచారు. వడియాలు పెట్టారు. హేమ వచ్చి కూర్చుంది.

నా ఎడమ మూల, కొక్కెం దగ్గర, టిక్కుమంది. హేమ వంగి అక్కడ చెవి ఆనించింది, అచ్చం వాళ్లమ్మలాగే.

అప్పయ్యమ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. పాత రన్‌వే దారిన మీరు పోతుంటే, ఒక్కసారి మా పెరట్లోకి రండి. నన్ను తర్వాత చూద్దురుగాని. ముందు హేమ ఎక్కడుందో చూడండి.