పేరు అంటించిన కప్పు

హెల్వి కాఫీ పొడి కొలుస్తోంది, ఇద్దరికి సరిపడా. ఆమె భర్త తైస్తో, కాఫీ తాగడం ఎప్పుడో మానేశాడు. అయినా వాసన కోసం పక్కన పెట్టమంటాడు. అతని కప్పు మీద తెల్లపట్టీ, దాని మీద అతని పేరు. మంచు ఎత్తే పార మీదా అదే, గొడుగు మీదా అదే. పురపాలక కార్యాలయంలో సర్వర్లు చూసినన్నాళ్లూ కనిపించిన ప్రతిదానికీ పేరు అంటించుకున్న మనిషి.

కప్పు అతని మంచం పక్కన పెట్టి వచ్చేసరికి ఫోన్ మోగింది. హెల్విదీ అదే కార్యాలయం, కంప్యూటర్లో ఎవరికి ఏది తెరుచుకోవాలో చూసే పని. అతను మంచం పట్టాక ఇంటినుంచే పనిచేస్తోంది. ఫోన్లో సిర్పా, ఇళ్లకు తిరిగే పురపాలక నర్సు.

“రోగుల జాబితా తెరుచుకోవట్లేదు హెల్వీ. ‘అనుమతి లేదు’ అంటోంది. నాకే లేకపోతే ఇంకెవరికుందట?”

“పొద్దున్నే దాంతో పోట్లాడకు. చూస్తానుండు.”

“చూడు తల్లీ. ఎవరికెంత మందో అందులోనే ఉంది. అది చూడందే సూది పట్టుకోలేం. సాయంత్రం మీ ఆయన నొప్పి సూదీ అంతే.”

హెల్వి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. కణుపులు వాచిన వేళ్లతో సిర్పా పేరు వెతికి చూసింది. సరిగ్గానే ఉంది. నర్సుల బృందమూ సరిగ్గానే ఉంది. అనుమతులన్నీ తీసేసి మళ్లీ ఇచ్చింది. తెర మీద అదే మాట. ఇన్నేళ్లుగా ఆమె బతుకు ఇదే. ఎవరికో ఏదో తెరుచుకోదు, ఆమె తెరుస్తుంది, వాళ్లు ఫోన్ పెట్టేస్తారు. కిటికీ బయట మధ్యాహ్నానికే వెలుతురు సన్నగిల్లింది.

చివరికి లేచి వెళ్లి భర్తనే అడిగింది.

“నిన్నటితో నా ఉద్యోగం అయిపోయిందిగా,” అన్నాడతను కళ్లు తెరవకుండానే. “నా ఖాతా మూసేసుంటారు. సర్వర్ నుంచి ఆ జాబితా తెచ్చే ప్రోగ్రామ్ నడిచేది నా పేరు మీదే.”

“దానికీ నీ పేరే అంటించావా!”

“పారకి అంటించలేదూ?” నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

“నీ ఖాతా మళ్లీ తెరుస్తా. నిమిషం పని. సూది వేళకి అందుతుంది.”

“వద్దు. ‘ఇప్పటికిలా కానిద్దాం, తర్వాత చూద్దాం’ అనుకునే నేనూ నా పేరు పెట్టా. నేను పోయాక మళ్లీ మూస్తారు, అప్పుడు ఎవరి సూది ఆగుతుందో. దానికి వేరే పేరు పెట్టు. మనిషి పేరొద్దు.”

“అంతా మార్చేసరికి బాగా పొద్దుపోతుంది తైస్తో. నొప్పి?”

“అరవను లే.”

హెల్వి మళ్లీ కూర్చుంది. అతని పేరు ఉన్న చోటల్లా తీసేస్తూ, కొత్తపేరు పెడుతూ, ఒక్కో అనుమతీ ఇచ్చుకుంటూ పోయింది. ఒకసారి మంచం కిర్రుమంది. లేవబోతే, పని చూసుకోమని అతను చెయ్యి ఊపాడు. ఆ తర్వాత చప్పుడు లేదు. నిద్రపట్టిందనుకుంది.

“ఇప్పుడు చూడు సిర్పా.”

“తెరుచుకుంది! ముందు మీ ఇంటికే వస్తున్నా.”

సిర్పా గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుని లోపలికి వెళ్లింది. సంచి తెరవలేదు. అతని మణికట్టు చాలాసేపు పట్టుకుంది. తర్వాత, పోయినవాళ్ల గదిలో చేసేట్టు, కిటికీ కొంచెం తెరిచింది. తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డ హెల్వి భుజం మీద చెయ్యి వేసింది. జాబితాలో తక్కినవాళ్లు ఎదురుచూస్తున్నారు. సంచి తీసుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

మంచం పక్కన తైస్తో కప్పు నిండుగానే ఉంది. దాని తెల్లపట్టీ ఒక మూల లేచి, కిటికీ గాలికి సన్నగా కదులుతోంది.