జాజు బిళ్ళలు

మోదుగాకు మీద మళ్ళీ రెండు ఎర్ర బిళ్ళలు తగ్గాయి. పసుపువి, నల్లవి అలాగే ఉన్నాయి.

బాపు ఊరి నుంచి పంపిన జాజు ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైన మిగిలిన ఎర్రనీళ్ళను పాతచీరలో వడగట్టి, పేరుకున్న మెత్తటి మన్నును తుమ్మబంకతో, చుక్క తేనెతో నూరి చేసిన రంగు బిళ్ళలవి. ఎండలో పగులుతాయని పిట్టగోడ నీడన ఆరబెట్టాను. రంగుల పెట్టె కొనే స్తోమత మాకు లేదు. డ్రాయింగ్ పరీక్ష పాసైతేనే ఇక్కడ పట్నంలో, ధూల్‌పేట్‌లోని సక్కుబాయి అత్త దగ్గర ఉండి చదువుకోవచ్చని, తప్పితే ఊరికొచ్చి నాట్లకు పోవాలని బాపు ముందే చెప్పాడు. పరీక్షలో మట్టికుండలు వేయమంటారట. ఎరుపు లేకుండా కుండలెలా వేయాలి?

అసలు ఎరుపు ఒక్కటే ఎవరికి కావాలి?

ఎదురింటి బాలకిషన్ గణపతి బొమ్మలు చేస్తాడు. చవితి దగ్గరపడింది. మొన్న నా బిళ్ళను తడివేలితో రుద్ది, "మస్తు మెత్తగున్నది బిడ్డా. నాకూ గింత ఇయ్యరాదూ?" అన్నాడు. నేను తలదించుకుని లోపలికి వచ్చేశాను. నిన్నటిదాకా తెల్లగా ఉన్న అతని గణపతి పంచె అంచు ఇవాళ ఎర్రగా ఉంది. వెళ్ళి బొటనవేలితో గీకి చూశాను.

"ఏందే, దేవుణ్ణి గిల్లుతున్నవ్?" అన్నాడు వెనక నుంచి.

ఒకటే పరుగు. వేలికంటిన ఎరుపు నా ఎరుపులా లేదు, మరీ మెరుస్తోంది. ఇంకేదో కలిపి ఉంటాడనుకున్నాను. అత్తకు చెప్పేశాను.

"పొద్దుగూకనీ. చవితి రాకముందే వాని తొండం ఇరుస్త," అంది అత్త.

నెల కిందట అందరూ అంతరిక్షం నుంచి స్కైలాబ్ విరిగి నెత్తిన పడుతుందని ఆకాశం కేసి చూశారు. ఇవాళ మధ్యాహ్నం నేను తలుపు చాటున పిట్టగోడ కేసి చూస్తూ కూర్చున్నాను.

గోడ అవతల నుంచి గాజుల చేయి వచ్చింది. పక్కింటి కోడలు కళావతి వదిన. ఆరో నెల. ఎర్ర బిళ్ళ తీసి, కొంగుతో తుడిచి, కళ్ళు మూసుకుని కొరికింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేను. సగం బిళ్ళ ఆకు మీదే వదిలేసింది.

"మా అత్తకు చెప్పకే, నీ కాళ్ళు మొక్కుత. నోరు మన్ను మన్ను అంటున్నది. పొయ్యి గోకినందుకే మొన్న మస్తు లొల్లి చేసింది."

"అందులో బంక కలిపిన, వదినా..."

"గందుకే కమ్మగున్నది," అని లోపలికి తప్పుకుంది.

సాయంత్రం నేను స్నానం చేసి వచ్చేసరికి అత్త అప్పటికే ఎదురింటి ముందు ఉంది. రంగు పోల్చి చూడటానికి ఆ సగం బిళ్ళనే పట్టుకెళ్ళింది.

"నా దేవునికి బజారు రంగే చాలక్కా," అంటున్నాడు బాలకిషన్. బిళ్ళ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇగో, పంటిగాట్లు! నేను దొంగనే అనుకో, రంగు కొరుక్క తింటనా?"

"మరెవ్వరు తిన్నరు?" అని అత్త గల్లీ అంతా కలయజూసింది. లొల్లి విని పక్కింటి నాగమణమ్మ, వదిన వాళ్ళత్త, గడపలోకి వచ్చింది. ఆమె వెనక కళావతి వదిన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నాగమణమ్మ ఆ కొంగు కేసి తిరుగుతోంది.

"నేనే తిన్న," అన్నాను. ఆ గల్లీలో నా గొంతు అంత గట్టిగా ఎప్పుడూ లేవలేదు.

అందరూ నా వైపు తిరిగారు.

"నువ్వే తిని, దొంగను పట్టుమని నన్ను ఉరికిచ్చినవా పోరీ? కడుపుల పురుగులున్నయ్ నీకు!" అంది అత్త.

బాలకిషన్ నవ్వలేదు. నన్నూ, గడపలోని వాళ్ళనూ మార్చి మార్చి చూశాడు. ఏం కనిపెట్టాడో తెలియదు.

అత్త నాకు ఆముదం తాగించింది. మిగిలిన బిళ్ళలన్నీ ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసింది. పరీక్ష రోజే తీస్తుందట. నా ఎరుపు భద్రమే. బంక కలపని వట్టి మన్ను ఇంకా కాస్త గిన్నెలో ఉంది, వదినకిద్దామని దాచాను. కానీ నేను పిట్టగోడ వైపు అడుగు వేస్తే చాలు, అత్త పని ఆపి పిలుస్తోంది.

"ఇటు రా. నోరు చూపియ్."