ఆయిల్ మార్చిన తర్వాత

…పోనీ, ఆ మాట కాక ఇంకేదైనా అయినా బాగుండేది. మంచినీళ్లు అనొచ్చు, నొప్పి అనొచ్చు, కూతురి పేరు పలకొచ్చు. తన పేరే రావాలని బిందుమాధవి ఎన్నడూ ఆశపడలేదు. ఆశపడలేదని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పది నెలల తర్వాత, గొంతులో ముడిపడిపోయిన అన్ని మాటల్లోంచి ఆ మనిషి నిన్న సాయంత్రం వెతికి వెతికి బయటికి తీసింది ఒక్కటే మాట.

"చెప్పానా?"

అంతే. స్పష్టంగా, చివర్లో ఆ పాత విరుపుతో సహా.

ఆమె డ్రైవ్‌వేలో నిలబడి ట్రక్కు కింద ఆయిల్ మరకను చూస్తోంది. అట్టు పోసినట్టు గుండ్రంగా ఉంది. అమెరికా ఎడారిలోని చాండ్లర్ ఎండకి సిమెంటు అప్పుడే వేడెక్కింది, మరక అంచులు నిగనిగలాడుతున్నాయి. లోపల వంటింటి కిటికీ దగ్గర భర్త శ్యామ్‌సుందర్ చక్రాల కుర్చీలో కూర్చుని ఇటే చూస్తూ ఉంటాడని ఆమెకు తల తిప్పకుండానే తెలుసు. నిన్నటి నుంచి ఆయన మొహంలో ఒక కళ వచ్చింది. పది నెలల్లో మొదటిసారి.

ఇల్లు ఇద్దరిదీ, బ్యాంకు ఖాతా ఇద్దరిదీ, కూతురు తన్వి ఇద్దరిదీ. ఆ ట్రక్కు మాత్రం ఆయనది. చిప్పుల ఫ్యాక్టరీలో క్లీన్‌రూమ్ ఇంజనీరుగా బతుకంతా తెల్లటి సూటు తొడుక్కుని, దుమ్ము రేణువుల్ని లెక్కపెట్టిన మనిషి, కూతురు కాలేజీకి వెళ్లిన ఏడు ఉన్నట్టుండి ఒక పికప్ ట్రక్కు కొన్నాడు. తెలుగువాళ్లంతా నవ్వారు. ఏం బావా, రిటైరయ్యాక తాపీపని మొదలుపెడతావా అన్నారు. ఆయన పట్టించుకోలేదు. గ్యారేజీ నేలకి బూడిదరంగు పెయింటు వేసి, ట్రక్కు చుట్టూ పసుపు టేపు అంటించి, ఆ గీత దాటితే చెప్పులు విప్పాలన్నాడు. ఆయిల్ తనే మార్చేవాడు, ఎప్పుడూ కన్వెన్షనలే, ముడిచమురు నుంచి తీసే పాతరకం. ఆ తరహా ఆయిల్‌కి అలవాటుపడ్డ ఇంజన్‌లో మధ్యలో ల్యాబుల్లో తయారయ్యే సింథటిక్ పోస్తే కొంప మునుగుతుందని ఆయన నమ్మకం. రక్తం గ్రూపుల్లాగానా అని ఒకసారి ఆమె అడిగింది. కాదు, అది అంత తేలిక కాదు అని మొదలుపెట్టి, అన్నం చల్లారిపోయేదాకా చెప్పాడు. ఆ రాత్రి ఆయన ఎంత హుషారుగా ఉన్నాడో ఆమెకు ఇప్పటికీ గుర్తు.

చక్రాల కుర్చీని ఎత్తి పెట్టడానికి ట్రక్కే వీలని, ఆయన పడిపోయిన దగ్గర్నుంచి దాన్ని ఆమె డ్రైవ్ చేస్తోంది. వేసవి మొదట్లో ఆస్పత్రి నుంచి వస్తూ ఆయిల్ మార్చే షాపులో ఆగింది. కౌంటర్ దగ్గర మనిషి కన్వెన్షనలా, సింథటికా అని అడిగాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సింథటిక్ అంది. మంచిది కనుక అంది. ఈ ఎండలకి తట్టుకుంటుంది కనుక అంది. మనసులో మరేమీ లేదు. ఉందా?

ఇంటికొచ్చి ఆయనకు చెప్పలేదు. నిన్న థెరపీకి బయల్దేరుతూ కుర్చీని ట్రక్కు దగ్గరికి తోసినప్పుడు ఆయన మరకను చూశాడు. తర్వాత తలెత్తి, అద్దం మూలన షాపువాళ్లు అంటించిన స్టిక్కర్ చదివాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

ఆమె డాక్టరు. ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం ఆమె పని. మాట పోయినవాళ్లకు కూడా కొన్ని మాటలు చెక్కుచెదరకుండా మిగులుతాయని ఆమెకు తెలుసు. ఒకరికి చిన్నప్పుడు బట్టీపట్టిన శ్లోకం మిగులుతుంది, ఒకరికి ఒకటి, రెండు, మూడు అనే ఒంట్లు మిగులుతాయి, కొందరికి బూతులు మిగులుతాయి. అవి ఆలోచించి అనేవి కావు. నాలుక ఏళ్ల తరబడి నడిచి నడిచి అరగదీసిన దారులు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆయన నాలుక ఎక్కువగా నడిచిన దారి ఏదో ఇప్పుడు తేలిపోయింది.

లోకమంతా సంతోషించింది. దూరాన హెర్న్‌డన్‌లో ఉంటున్న తన్వి ఫోన్‌లో ఏడ్చింది. "మామ్, డాడీ మాట్లాడింది? రియల్లీ? ఏం వర్డ్ చెప్పింది?" అంది, అమెరికాలో పుట్టిన పిల్ల తెలుగులో. ఆమె చెప్పింది. తర్వాత తన్వి పెద్దగా నవ్వి, "అది టోటల్‌గా డాడీ," అంది. స్పీచ్ థెరపిస్ట్ అయితే ఆ మాట అర్థం అడిగి తెలుసుకుని, మా ఆయన కోమాలోంచి లేచినా ఇదే అంటాడు అని చప్పట్లు కొట్టింది. ఆ గదిలో ఆయన మూడుసార్లు అన్నాడు. ప్రతిసారీ భార్యనే చూస్తూ. అందరితోపాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది. అరచేతులు కొట్టుకుంటుంటే లోపల ఏదో వగరుగా తగిలింది, పచ్చి వెలక్కాయ కొరికినట్టు.

మర్నాడు రాజారావు ఫోన్ చేశాడు. శ్యామ్‌సుందర్‌తో కాలేజీలో ఒకే గదిలో ఉన్నవాడు, లూబ్రికెంట్ల ల్యాబులో పనిచేసి రిటైరైన కెమికల్ ఇంజనీరు. శుభవార్త విని సంతోషించి, అసలు సంగతి విని ఇంకా సంతోషించాడు. ఆయిల్ మీద తన అభిప్రాయం అడిగేవాళ్లు దొరికి చాలా కాలమైనట్టుంది. ఆ రెండు ఆయిళ్లకీ పగేమీ లేదనీ, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఎన్నిసార్లు మార్చినా ఇంజన్‌కి ఏమీ కాదనీ, కారుతున్నది వేరే కారణంతో అనీ ఆమెకు విడమరిచి చెప్పాడు. ఆదివారం వస్తానన్నాడు.

ఆ మాట విన్నాక ఆమెకు చేతులు తేలికయ్యాయి. ఆ తేలికదనాన్ని ఆమె రెండు రోజులు ఎవరికీ చూపించకుండా దాచుకుంది. ఆయనకు అన్నం కలిపి పెడుతున్నప్పుడు, గడ్డం గీస్తున్నప్పుడు, ఆయన కిటికీలోంచి మరకను చూపించి మళ్లీ ఆ మాట అన్నప్పుడు కూడా. అను, అనుకుంది. ఆదివారందాకా అను.

ఆదివారం రాజారావు వచ్చాడు. రాకముందు ఫోన్ చేసి, వాడికి చెప్పనా వద్దా చెల్లెమ్మా అని అడగనైతే అడిగాడు. వద్దు అన్నయ్యగారూ అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. అది అనకుండా, కాఫీలో పంచదార ఎంత వేసుకుంటున్నారు ఇప్పుడు అని అడిగింది.

కాఫీ తాగుతూ రాజారావు కుర్చీ దగ్గరికి జరిగాడు.

"ఒరేయ్ శ్యామూ, ఆ ఆయిల్‌ని ఊరికే ఆడిపోసుకోకు. నీ ఇంజన్‌లో రబ్బరు సీల్ ఎప్పుడో ఎండి పగిలింది. నువ్వు ఇన్నేళ్లూ పోసిన ఆయిల్ మడ్డి పేరుకుని ఆ పగులుని మూసిపెట్టింది. చెల్లెమ్మ పోసింది ఆ మడ్డిని కడిగేసింది, అంతే. కారడం నీ హయాంలోదేరా. బయటపడింది ఇప్పుడు."

"అదేమిటండీ, ఆయన అంత జాగ్రత్తగా చూసుకున్న బండి," అంది బిందుమాధవి. తన గొంతులోని తియ్యదనం తనకే వినిపించింది.

"జాగ్రత్త సరేనమ్మా. రబ్బరుకి మనవాడు ఇంజనీరని తెలుస్తుందా?"

రాజారావు నవ్వాడు. ఆమె నవ్వలేదు, ఆయన మొహం చూస్తోంది. ఆపరేషన్ బల్ల దగ్గర సూది గుచ్చి, కనురెప్పల్ని గమనిస్తూ నిలబడే అలవాటుతో చూస్తోంది. శ్యామ్‌సుందర్ పెదాలు కదిలాయి. ఎడమ చెయ్యి కుర్చీ పిడి మీద రెండుసార్లు కొట్టుకుంది. వాదించడానికి ఆ మనిషి దగ్గర వాక్యాలు లేవు. ఉన్న ఒక్క మాటా ఇక్కడ పనికిరాదు. కళ్లు ముందు రాజారావు మీద, తర్వాత ఆమె మీద, తర్వాత ఒళ్లో పడి ఉన్న కుడిచేతి మీద నిలిచాయి. మొహంలోంచి ఆ కళ దిగిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఎంత మందు ఎంత సేపట్లో పనిచేస్తుందో తెలిసిన దానిలా చూసింది.

ఆ రోజు నుంచి ఆయన ఆ మాట కూడా మానేశాడు.

కిటికీ దగ్గర కూర్చోబెడితే మొహం గోడవైపు పెట్టుకునేవాడు. థెరపీలో బొమ్మలు చూపిస్తే కళ్లు మూసుకునేవాడు. ఒక వారం, ఇంకో వారం. మెదడుకి దారి ఒకసారి తెరుచుకున్నప్పుడే నడిపించాలి, వదిలేస్తే మూసుకుపోతుంది అని థెరపిస్ట్ చెప్పింది. అది బిందుమాధవికి తెలియని సంగతి కాదు. ఆయనకి నేర్పించడం ఇష్టమన్నారు కదా, ఆయన నిపుణుడు, మీరు విద్యార్థి అన్నట్టు ఏదైనా పని చెయ్యండి అంది థెరపిస్ట్. నేర్పించడం కాదు, తప్పు పట్టడం ఇష్టం అంది బిందుమాధవి. ఏదైనా ఫర్వాలేదు, మాట మాటే అని నవ్వింది ఆ పిల్ల. ఆ అమ్మాయికి పెళ్లయి రెండేళ్లు.

తిరిగి వస్తూ ఫ్రీవే మీద బిందుమాధవికి ఆ మాటే మెదిలింది. అంటే ఇక మిగిలిన బతుకంతా తప్పులు చేస్తూ ఉండాలన్నమాట. ఆయన నాలుక తిరగడానికి తన పరువు అరగదీసి పొయ్యాలన్నమాట. చెయ్యను అనుకుంది. పక్క సీట్లో ఆయన తల అద్దానికి ఆనించి కూర్చున్నాడు. ఇంటికి మళ్లాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. ఆమె చూసుకోలేదు. పాత రోజుల్లో అయితే ఈ సరికి ఆయన నిటారుగా కూర్చుని, చేతులు తిప్పుతూ, ముందు నుంచీ ఏ లేన్‌లో ఉండాలో చెప్పేవాడు.

అప్పుడు ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

ఆయన ఎప్పుడూ మాటకారి కాదు. పెళ్లయిన కొత్తలో కూడా భోజనం ముగించి పళ్లెం పక్కకి జరిపే చప్పుడే ఆ ఇంట్లో పెద్ద సంభాషణ. కానీ ఆమె ఏదైనా పొరపాటు చేస్తే ఆ మనిషి కుర్చీ ఆమె వైపు తిప్పుకునేవాడు. కళ్లల్లోకి చూసేవాడు. ఆపరేషన్ గదిలో ఒక చుక్క మందు తేడా రానివ్వని ఆమె ఇంట్లో గ్యారేజీ తలుపు వెయ్యడం మర్చిపోయేది, పాలు పొంగించేది, ఎగ్జిట్లు దాటేసేది. మా బిందుకి ఇంట్లో బుర్ర పనిచెయ్యదు అని ఆయన అందరిలో అంటే నవ్వి ఊరుకునేది. ఎందుకు? షాపు కౌంటర్ దగ్గర ఆ రోజు, ఆయన వద్దన్నదే ఎందుకు అంత తొందరగా నోటికొచ్చింది? మంచిదని కాదు. ఆ మనిషి తనవైపు తిరగాలని. ఇదే సంగతి ఇంకొక ఆడది వచ్చి చెబితే ఎంత జాలిపడేదో ఆమెకు తెలుసు. తన మీద మాత్రం జాలి రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేని కోపం.

శనివారం పొద్దున్నే, ఎండ ముదరక ముందు, ఆమె ఆయన కుర్చీని గ్యారేజీ గుమ్మంలోకి తోసుకొచ్చి పెట్టింది. కన్వెన్షనల్ ఆయిల్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చింది. మళ్లీ మీ ఆయిలే పోస్తున్నాను, నేనే మారుస్తున్నాను, చూస్తూ ఉండండి అంది. ఆయన గోడవైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె అట్టముక్క పరుచుకుని ట్రక్కు కిందకి దూరింది. ఎలా చెయ్యాలో ముందురోజే వీడియో చూసి నేర్చుకుంది. ఒకసారి చూస్తే ఆమెకు చాలు. పాత ఆయిల్ పట్టడానికి పళ్లెం పెట్టి, ఇంజన్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పింది. నల్లటి ధార పళ్లెంలోకి దూకింది. ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. ఇప్పుడు ఆ ప్లగ్ మళ్లీ బిగించాలి. బిగించాకే పైనుంచి కొత్త ఆయిల్ పొయ్యాలి. లేకపోతే పోసింది పోసినట్టు కిందికి వచ్చేస్తుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసే సంగతి.

ఆమె ప్లగ్ పిడికిట్లో పట్టుకుని బయటికి వచ్చింది. నడుం పట్టేసింది. లేచి నిలబడేసరికి ఆయన ఇటు తిరిగి ఉన్నాడు. ఆయన చూపు ఆమె మొహం మీద లేదు, పిడికిలి మీద ఉంది.

బిందుమాధవి పిడికిలి విప్పింది. ప్లగ్‌ని గుడ్డతో తుడిచి, ఆయనకు కనబడేలా పనిముట్ల బల్ల మీద పెట్టింది. ట్రక్కు ముందుకు వెళ్లి బానెట్ ఎత్తింది. ఆయిల్ మూత తిప్పి తీసింది. డబ్బా సీలు చించింది. వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన ఎడమ చెయ్యి లేచింది, నోరు తెరుచుకుంది, దవడ ఒక పక్కకి లాగుకుంటోంది. ఇంతకాలం తెలియకుండా చేసింది కనుక ఆ తప్పులకు పేరు లేదు. ఇది తెలిసి చేస్తున్నది. ఇది తను కొలిచి ఇస్తున్న మందు, ఇంత అని తనకే తెలుసు, తీసుకునేవాడికి ఎన్నటికీ తెలియదు. ఆయనకి ప్రాణం వస్తుందో, తనలో ఇంకాస్త చస్తుందో, ఆ లెక్క ఆమె వెయ్యలేదు.

"పొయ్యనా అండీ?" అని అడిగింది.

జవాబు కోసం ఆగకుండా డబ్బా వంచింది.