సరిగ్గా పనిచేయాలని

భాగ్యమ్మకు భయపడటం వచ్చినంత బాగా మరే పనీ రాదని ఆమె భర్త శ్యాంసన్ అంటుంటాడు. మబ్బు పడితే ఆమెకు పిడుగు గుర్తొస్తుంది. గాలి లేస్తే తెగిపడే కరెంటు తీగ గుర్తొస్తుంది. మేస్త్రీ పనికి పోయిన మనిషి పొద్దుగూకినా ఇల్లు చేరకపోతే, సారవ కర్రల మీద నుంచి పడి ఏ ఆసుపత్రిలో ఉన్నాడోనని వాకిట్లోనే కూలబడుతుంది. అతను టీ బంకు దగ్గర కబుర్లు ముగించుకుని నింపాదిగా వస్తాడు. బతికి వచ్చినందుకు స్తోత్రమూ, ఫోను ఎత్తనందుకు తిట్లూ ఒకేసారి మొదలవుతాయి.

కూతురు కేథరిన్‌కు హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం వచ్చి, గిద్దలూరులో ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చన్నాక ఆ భయానికి చేతినిండా పని దొరికింది. పిల్ల ఊరు దాటి పోనక్కర్లేదు, హాస్టలు కూడు తిననక్కర్లేదు, అంతవరకు బాగానే ఉంది. కానీ అంత పెద్ద ఉద్యోగం గోడకున్న ఒక్క ప్లగ్గు మీదా, డాబా పైనుంచి దిగిన సన్నని నెట్టు తీగ మీదా వేలాడుతోంది. ఆ తీగను ఏ కోతో పట్టుకుని ఊగితే? అది తలుచుకుంటే భాగ్యమ్మకు అన్నం సయించదు.

అందుకని రోజూ పొద్దున కేథరిన్ లాప్‌టాప్ తెరిచే ముందు తల వంచాలి. భాగ్యమ్మ నడినెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన ఎత్తుకుంటుంది. ప్రభువా, కరెంటు పోకుండా చూడు. పోయినా ఇన్వర్టరు ఆదుకునేటట్టు చూడు. సిగ్నలు తెగకుండా, కోతులు రాకుండా, పక్కింటి పుల్లమ్మ కోడళ్లు కొట్లాడుకోకుండా, వీధిలో ఎవరూ మైకు పెట్టకుండా, పాలవాడు ఈ తలుపు దగ్గరే అరవకుండా... ఆ ప్రార్థన ఎక్కడా తెగదు. కేథరిన్ ఒక కన్ను తెరిచి గడియారం వైపు చూసి, మధ్యలోనే గట్టిగా ఆమెన్ అనేస్తుంది.

“నేనింకా ముగించలే పాపా.”

“మిగతాది దేవునికి తెలుసులేమ్మా. మీటింగు మొదలైంది.”

తలుపు పడుతుంది. భాగ్యమ్మ బయట ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చుంటుంది.

ఆమె చదివింది ఏడో తరగతి. బైబిలు గడగడా చదువుతుంది కానీ, కూతురు చేసే పని ఏమిటో చర్చిలో ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి మాట మార్చేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ కందికాయలు ఒలుస్తుంటే ఆ ముచ్చట వచ్చింది. కేథరిన్ ఓపికగా చెప్పింది. జనం ఫోన్లలో, కంప్యూటర్లలో డాక్టరు దగ్గర నంబరు రాయించుకుంటారు, టికెట్లు కొనుక్కుంటారు. వెనక దాన్ని నడిపించేది ప్రోగ్రాము. రాసేవాళ్లు రాసి వెళ్లిపోతారు. రేపు ఇంకొకరు వచ్చి దాన్ని సరిచేయాలంటే ఏ ముక్క ఏ పని చేస్తుందో తెలియాలి కదా.

“మన బాత్‌రూం గోడలో పైపు ఎటు పోయిందో తెలియక నాయన మేకు కొట్టినాడే, నీళ్లు చిమ్మి బియ్యమంతా తడిసినాయి గుర్తుందా? పైపు వేసినోడు ఎటునుంచి ఎటు వేసినాడో గీసిపెట్టి ఉంటే ఆ గోల ఉండేది కాదు. ఆ గీసిపెట్టే పనే నాది.”

భాగ్యమ్మకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. మేస్త్రీ ఇంట్లోనే అట్లా అయిందంటే లోకంలో ఇంకెన్ని గోడలు తడుస్తున్నాయోనని కూడా తోచింది. కేథరిన్ ఇంకొక మాట చెప్పింది. తను రాసే ప్రతి పేజీకి మొదట్లో ‘ఇది చేసే ముందు’ అని ఒక పేరా పెడుతుందట. ఏది చెడిపోవచ్చో, ఏది పోతే మళ్లీ రాదో అన్నీ అందులో ఉంటాయట. వాళ్ల టీములో ఇంకెవరూ అట్లా రాయరు. ఈ పిల్లకు ఇంత భయం ఎక్కడిదని పై ఆఫీసరు నవ్వితే, మా అమ్మది అని చెప్పిందట. భాగ్యమ్మ ముందు మూతి ముడుచుకుంది. తర్వాత లోపలికి పోయి ఎవరూ చూడకుండా నవ్వుకుంది.

ఎండలు ముదరకముందే ఆ కొత్తది వచ్చింది. అది కూడా సాఫ్ట్‌వేరే. ప్రోగ్రామును తనే చదువుకుని, వివరమంతా తనే రాసిపెడుతుంది. భాగ్యమ్మ దాన్ని మిషను అంది, ఇంట్లో అందరికీ అదే పేరు నిలిచింది. మొదట్లో కేథరిన్ దాని రాతలు చదివి పడీపడీ నవ్వేది. డాక్టరు అపాయింటుమెంటు రద్దు చేసే ముక్కను చూసి, ఇది అపాయింటుమెంటు ఖాయం చేస్తుందని రాసిందట. ఎంత నున్నగా రాసిందో చూడమ్మా, అంతా అబద్ధం అనేది. దిద్దేది. మళ్లీ రాయించేది. నెలలు గడిచేకొద్దీ నవ్వడం తగ్గింది. ఇప్పుడు బాగా రాస్తా ఉంది అని ఒకరోజు అన్నం తింటూ చెప్పింది. పదో తరగతి పిల్లలకు ట్యూషను చెప్పే రోజుల్లో, మొద్దు పిల్లకు లెక్క వచ్చిందని చెప్పినప్పుడు కూడా ఆమె గొంతు అట్లాగే ఉండేదని భాగ్యమ్మకు గుర్తొచ్చింది.

తర్వాత ఒక శుక్రవారం దాన్ని విదేశం వాళ్లకు చూపించాలన్నారు. ఆ వారమంతా కేథరిన్ సరిగా తినలేదు. అది అందరి ముందూ తప్పు రాస్తే నిన్నేమైనా అంటారా అని భాగ్యమ్మ అడిగింది. అనరా మరి, నేర్పింది మేమే కదా అంది కేథరిన్.

“అయితే చర్చి అయ్యగారికి చెప్పి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టిస్తా. ఏమని అడగమంటావు పాపా?”

కేథరిన్ కంచం కడుగుతోంది. కంచం తెల్లబడిన తర్వాత కూడా పంపు అట్లాగే పారుతూ ఉంది.

“సరిగ్గా పనిచేయాలని అడగమ్మా” అంది, ఇటు తిరగకుండానే.

చర్చిలో ప్రార్థన మనవులు అడిగితే మొదట లేచే చెయ్యి ఎప్పుడూ భాగ్యమ్మదే. ముందు ఆమెవి వింటే మిగతా అందరికీ తమ కష్టాలు చిన్నవిగా కనిపిస్తాయని జీవానందం అయ్యగారు హాస్యమాడుతుంటాడు. ఈసారి ఆయన కూడా హాస్యమాడలేదు. ఆమె అడిగిన తీరు అట్లా ఉంది. శుక్రవారం ఆడవాళ్లంతా పస్తుండి చర్చిలో మోకరించారు. పక్కింటి పుల్లమ్మకు చక్కెర జబ్బు, పూట తప్పితే కళ్లు తిరుగుతాయి. వద్దంటే వినలేదు.

“పేరు పెట్టి అడగాల వదినా. ఆ మిషను పేరేంది?” అంది పుల్లమ్మ.

పేరు భాగ్యమ్మకూ తెలియదు. కేథరిన్ మిషను అని అడుగుదామంది. అట్లా ఆ రోజంతా వాళ్లు కేథరిన్ మిషను కోసం కన్నీళ్లతో అడిగారు. అది తడబడకూడదని, సిగ్గుపడకూడదని, దాని నోట ఒక్క తప్పు కూడా రాకూడదని.

సందెవేళ భాగ్యమ్మ ఇంటికి వచ్చేసరికి కేథరిన్ గది గడపలో నిలబడి ఉంది.

“పనిచేసింది” అంది.

“ఒక్క తప్పు కూడా రాలేదా?”

“రాలే.”

ఆ పిల్ల తలుపుకు ఆనుకుని అట్లాగే ఉండిపోయింది. అలసిపోయిందనుకుంది భాగ్యమ్మ. గోడ మీదుగా పుల్లమ్మను కేకేసి, టీ పెట్టి, ఆమె ఉపవాసం అక్కడే విడిపించింది.

మొక్కుకున్న మొక్కు ఇంట్లో కృతజ్ఞత కూడిక. మరుసటి శనివారం పెడదామంది. ఇప్పుడెందుకమ్మా అని కేథరిన్ ఒకసారి అంది. ఇచ్చినదానికి కృతజ్ఞత చెల్లించకపోతే ఇచ్చినవాడు వెనక్కి తీసుకుంటాడేమోనని భాగ్యమ్మ భయం. వీధికి అడ్డంగా షామియానా లేచింది. కోడికూర, అన్నం. అయ్యగారు వాక్యం చెప్పి, పాపను సాక్ష్యం చెప్పమన్నాడు. కేథరిన్ లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

“మీరందరూ అడిగినట్టే జరిగింది. ఆ మిషను చాలా బాగా పనిచేస్తా ఉంది. మా కంపెనీ వాళ్లు అనుకున్నదానికంటే బాగా. నా కోసం పస్తున్న అందరికీ వందనాలు.”

అంతే చెప్పి కూర్చుంది. ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది, అమ్మ ప్రార్థన అని ఒక్క మాటైనా అని ఉండాల్సింది అనుకుంది భాగ్యమ్మ. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. పుల్లమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

సోమవారం పొద్దున కేథరిన్ తల వంచడానికి రాలేదు. భాగ్యమ్మ చేతులు తుడుచుకుంటూ గదిలోకి పోయింది. మంచం మీద అట్టపెట్టె ఉంది. ఆ పిల్ల లాప్‌టాప్‌ను తల్లి పాత నూలు చీర ముక్కలో చుట్టి అందులో పెడుతోంది, దెబ్బ తగలకుండా మూలలకు ఇంకో మడత వేసి.

“రిపేరుకా పాపా?”

“కాదమ్మా. వాళ్లది వాళ్లకు పంపాల.”

“కొత్తది ఇస్తారా?”

కేథరిన్ టేపు చివర పళ్లతో తెంపింది. “ఇయ్యరు. మా టీము మొత్తాన్నీ తీసేసినారు.”

భాగ్యమ్మకు మొదట తోచింది అది ఎక్కడో తప్పు రాసి ఉంటుందని. ఆ రోజు పనిచేసిందన్నావే అంది.

“పనిచేసింది. అందుకే.”

భాగ్యమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. కేథరిన్ చెప్తూనే ఉంది, పెట్టె నాలుగు పక్కలా టేపు వేస్తూ. కూడికకు ముందే తెలిసిందట. అప్పటికే షామియానా చెప్పారు, అందరినీ పిలిచారు, అమ్మ మొహం చూసి చెప్పలేకపోయిందట. ఆ మిషను ఉంటే రాసేవాళ్లు అక్కర్లేదు. చూసుకోవడానికి హైదరాబాదులో ఒకరిద్దరు చాలు.

“అది పనిచేయకపోయి ఉంటే?”

“ఇంకొన్నాళ్లు ఉంచేటోళ్లు.”

“మరి నాతో అట్ల అడగమని ఎందుకు చెప్పినావు?” అంది భాగ్యమ్మ. “ఊరంతా పస్తుండి అడిగితిమే పాపా. నువ్వు చెప్పి ఉంటే నేను వేరేగా అడిగేదాన్ని గదా.”

కేథరిన్ టేపు కింద పెట్టింది.

“చెప్దామనే అనుకున్నా. నోరు రాలే. అన్ని నెలలు కూర్చోబెట్టి నేర్పినానమ్మా దానికి. అందరి ముందూ అది తప్పిపోవాలని ఎట్ల కోరుకునేది?” అంది. “నేర్పినోళ్లనైనా ఉంచుకుంటారనుకున్నా.”

తర్వాత నవ్వబోయింది. “ఆ రోజు నేనేమీ చెప్పకుండానే ప్రతి పేజీకి ముందు ‘ఇది చేసే ముందు’ అని అదే రాసుకుంటా పోయింది. ఏం తప్పిపోవచ్చో వరసబెట్టి. అచ్చం నీ లెక్కనే. వాళ్లకు అన్నిటికంటే అదే నచ్చిందంట.”

నవ్వు సగంలోనే విరిగింది. చీర ముక్క మిగిలింది చేతిలో ఉంటే దానిలో మొహం పెట్టుకుంది.

భాగ్యమ్మ ఆ పిల్లను దగ్గరకు తీసుకుంది. పిడుగుకు భయపడింది. కోతులకు భయపడింది. కరెంటుకు, సిగ్నలుకు, పుల్లమ్మ కోడళ్లకు భయపడింది. పనిచేయకపోతే ఏమవుతుందోనని నిద్ర మానుకుని భయపడింది. పనిచేస్తే ఏమవుతుందోనని ఒక్కనాడూ తట్టలేదు. ఇన్నేళ్లుగా భయపడటం తప్ప వేరే పని లేని మనిషి, భయపడవలసిన ఆ ఒక్కదాన్నీ మోకాళ్ల మీద పడి అడిగి తెచ్చుకుంది.

శ్యాంసన్ సాయంత్రం విని, చెప్పులు విడవకుండా గడపలోనే కూర్చున్నాడు. పునాదులకు జేసీబీ వచ్చిన రోజున మట్టి పని కూలీలంతా దాని చుట్టూ నిలబడి అబ్బురంగా చూశారట. ఎంత బాగా తవ్వతా ఉందో అని మెచ్చుకున్నది కూడా వాళ్లేనట. అది చెప్పి, చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

దేవుడు వినలేదని ఏడవటానికి కూడా భాగ్యమ్మకు వీల్లేకపోయింది. విన్నాడు. అడిగింది అడిగినట్టు, ఒక్క అక్షరం తగ్గకుండా ఇచ్చాడు. గోడ అవతల నుంచి పుల్లమ్మ, కేథరిన్ మిషను ఎట్ల ఉంది వదినా అని అడిగితే, బాగుంది అంది. కళ్లు తిరుగుతున్నా తూలుతూ మోకరించిన మనిషికి, నువ్వు పస్తుండింది ఇందుకని ఎట్లా చెప్పడం? ఆదివారం అయ్యగారు మనవులు అడిగి, అలవాటు కొద్దీ ఆమె వైపే చూశాడు. భాగ్యమ్మ చీర చెంగు అంచు చూసుకుంటూ కూర్చుంది. ఎవరో వెనక నుంచి ఈ వారం భాగ్యమ్మకు కష్టాలే లేవే అంటే నలుగురు నవ్వారు.

కొన్నాళ్లకు మార్కాపురంలో ఒక కాలేజీ వాళ్లు కంప్యూటర్ ల్యాబుకు మనిషి కావాలని రమ్మన్నారు. కేథరిన్ పొద్దున్నే తయారైంది. సంచి భుజానికి వేసుకుని, పాత అలవాటుగా తల్లి ముందుకు వచ్చి తల వంచింది. ఆ సోమవారం తర్వాత ఆ పిల్ల తల వంచడం అదే మొదలు.

భాగ్యమ్మ చెయ్యి పెట్టింది. ప్రభువా అంది. ఈ ఉద్యోగం రావాలి అని నాలుక చివరిదాకా వచ్చింది. వస్తే? ఆ కాలేజీ ఎట్లాంటిదో, ఆ రావడంలో ఏముందో ఎవరికి తెలుసు? రాకూడదని అడుగుతుందా? పోనీ, బస్సు క్షేమంగా చేరాలని అడుగుదామనుకుంది. చేరాక? ఏ మాట పట్టుకున్నా దాని వెనక ఇంకొకటి కనిపిస్తోంది. ఏది అడిగితే ఏది ఇస్తాడోనని ఆ మాటా వదిలేసింది. ఆటో వచ్చి గేటు దగ్గర హారను కొట్టింది.

కేథరిన్ కళ్లు తెరవలేదు. గడియారం చూడలేదు. తొందరపడలేదు. తల్లి చెయ్యి నెత్తి మీద అట్లాగే ఉంటే, తను కదలకుండా, ఆ రాని మాటల కోసం చాలాసేపు ఆగింది. ఆటో మళ్లీ హారను కొట్టింది.

“ఆమెన్” అంది కేథరిన్, మెల్లగా. చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.