ఆకుపచ్చ పెట్టె

సేరుగల నియోజకవర్గం ఇప్పుడు ఏ పటంలోనూ లేదు. తెల్లదొరలు గీశారు, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు చెరిపేశారు. మధ్యలో పదహారేళ్ళు, సింహళం కొండల్లో తేయాకు కోసిన చేతులకి ఓటుండేది. ఆ చేతులు దెబ్బకి దెబ్బ తీసిన కథ ఇది.

తొలి ఎన్నిక మర్నాడు పేచియమ్మ చూస్తుండగానే ఆమె మొగుడు మరుదైని కూలీల వరస ఇళ్ళలోని తమ లైనింట్లోంచి బయటికి ఈడ్చారు. ఒంట్లో జ్వరం, బయట కుండపోత. దొరల మనిషికి ఆకుపచ్చ పెట్టె, కూలీల మనిషికి ఎర్ర పెట్టె. మరుదై ఎర్ర పెట్టెలో వేశాడు. ఓటుగది తెరకి చిల్లు చేసి కూలీల మేస్త్రీ, కంగాణి వేలాయుదం అది చూశాడు.

"తోట నీళ్ళు తాగి తోటకే ద్రోహమా!" అంటూ కంగాణి వాళ్ళ గంజికుండని కాలితో తన్నాడు.

మరుదై రైలు స్టేషన్ దాకా నడవగలిగాడు. అక్కడి బెంచీ మీద ప్రాణం పోయింది. పదో రోజున పేచియమ్మ కంగాణి కాళ్ళు పట్టుకుని అదే తోటలో మళ్ళీ ఆకు కోతకి చేరింది. సిగ్గులేనిదన్నారు లైనువాళ్ళు. ఆమె లెక్క ఆమెకుంది. పగ ఉన్నచోటే మనిషీ ఉండాలి.

ఐదేళ్ళకి రెండో ఎన్నిక వచ్చింది. ఈసారి వాళ్ళ గ్లెన్‌బ్రే తోట పెద్దదొరే నిలబడ్డాడు, ఆకుపచ్చ పెట్టెకి. కూలీల సంఘం వకీలుది ఎరుపు. ఓటుగదికి తెర తీసేసి తలుపు పెట్టారు. దాంతో కంగాణి కొత్త ఎత్తు ఎత్తాడు. పొద్దున్నే పేర్లు పిలిచే మైదానంలో అందరికీ చెప్పాడు.

"లోపల ఇచ్చిన చీటీని ఏ పెట్టెలోనూ వెయ్యకండి. కొంగున దాచి తెచ్చి నా చేతిలో పెట్టండి. ఆఖర్న మన గుమాస్తా అన్నీ కలిపి వేస్తాడు. చీటీ తేనివాళ్ళకి లైనిల్లు లేదు. మరుదై గుర్తున్నాడుగా?"

ఆదివారం వాగు దగ్గర బట్టలుతుకుతూ మాట్లాడుకున్నారు.

"ఇచ్చేద్దాం. పిల్లల్తో రోడ్డున పడతామా?" అన్నాడు ఒకడు.

"నీ పెళ్ళాన్ని అడిగినా ఇచ్చేస్తావా?" అంది ముసలి సెల్లాయి. అందరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పేచియమ్మ బట్ట పిండుతూ అడిగింది. "సందనం, ప్యాకింగ్ గదిలో నమూనా పొట్లాలకి అంటించే చీటీలున్నాయి కదా. ఎంత ఉంటాయి?"

ప్యాకింగ్ గది కూలీ సందనం చేత్తో కొలిచి చూపించాడు.

"ఓటు చీటీ అంతే. నాలుగు మడతలు, మధ్యలో చిల్లుల ముద్ర. చిల్లులు సూదితో మనమే పొడుద్దాం. అసలుది ఎర్ర పెట్టెలోకి, ఇది కంగాణి చేతికి."

"వాడు విప్పితే?"

"మొదటిది తప్పక విప్పుతాడు. అది అసలుదై ఉండాలి."

అందరూ పేచియమ్మ వైపు తిరిగారు. మొదట ఎవర్ని పిలుస్తాడో అందరికీ తెలుసు.

"ఒద్దే పేచీ," అంది సెల్లాయి. "ఆ ఒక్క చీటీ ఎర్ర పెట్టెలో వెయ్యాలనేగా ఐదేళ్ళు వాడి తిట్లు మింగావు."

"ఒక్క చీటీతో వాడు చావడత్తా. మీ అందరివీ కావాలి."

పోలింగ్ రోజున కంగాణి స్కూలు ప్రహరీ వెనక గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. మొదటి పిలుపు పేచియమ్మకే. గదిలో రెండు పెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి. ఎర్ర పెట్టె సందు జానెడు దూరంలో ఉంది. మరుదై ఆఖరుసారి తాకిన రంగు. చెయ్యి దానంతటదే లేచింది. పేచియమ్మ ఆ చేతిని రెండో చేత్తో పట్టి వెనక్కి లాక్కుంది. చీటీ కొంగులో ముడేసింది.

కంగాణి విప్పాడు, వెలుగుకి పెట్టి చూశాడు, చిల్లులు తడిమాడు.

"కుక్క దారికొచ్చింది," అని నవ్వాడు.

ఆ తర్వాత విప్పలేదు. బొటనవేలితో చిల్లులు తడిమి సంచిలో పడేస్తూ పోయాడు. మధ్యాహ్నం సెల్లాయి ఇచ్చిన దాని మీద ఏదో అనుమానమొచ్చి మడత పట్టుకున్నాడు. చేతికి ఎర్రగా, తడిగా అంటుకుంది.

"ఎక్కడ దాచావే?"

"దవడలో. కొంగుకి ముడి నిలవదు సామీ. వక్క కూడా ఉండాలి చూడు, ఇచ్చెయ్యి."

"ఛీ! పో అవతలికి!"

సాయంత్రం గుమాస్తా ఓటు వేయడానికి వెళ్ళాడు. కోటు కింద మూడువందల చీటీల కట్ట. ఒక్కో గుప్పెడు ఆకుపచ్చ పెట్టెలోకి కుక్కాడు.

లెక్కింపు రోజున కచేరీ కిటికీలకి జనం వేలాడారు. దొర చుట్ట ముట్టించి ముందు వరుసలో కూర్చున్నాడు. అధికారి ఆకుపచ్చ పెట్టె బోర్లించాడు. ఒక మడత విప్పాడు. ఇంకొకటి. ఇంకొకటి. గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"గ్లెన్‌బ్రే తోట. మేలురకం తేయాకు."

నవ్వులకి కిటికీలు ఊగిపోయాయి. దొర చుట్ట నోట్లోనే ఆరిపోయింది. కంగాణికి ఇచ్చిన మూడువందల్లో అసలుది ఒక్కటే, పేచియమ్మది. అది మాత్రం దొరకే పడింది. ఎర్ర పెట్టె గెలిచింది.

మర్నాడు పొద్దున కంగాణి సామాను దొర మనుషులు బురదలోకి విసిరేశారు. వర్షం మొదలైంది. పెట్టె నెత్తిన పెట్టుకుని పోతున్న వేలాయుదానికి పేర్లు పిలిచే మైదానంలో పేచియమ్మ ఎదురు నిలబడింది.

"స్టేషన్‌లో బెంచీ ఖాళీగానే ఉంది, కంగాణి అయ్యా."

వాడు వెనక్కి తిరిగి చీటీల ఆరా తియ్యడానికి దొర పిలిపించిన పోలీసులకి కేక పెట్టాడు. "ఇదే! చీటీల దొంగ ఇదే!"

ఇన్‌స్పెక్టర్ బేడీలు తీశాడు. పేచియమ్మ చేతులు చాపింది. అప్పుడు సెల్లాయి రొంటినుంచి మిగిలిన తేయాకు చీటీ ఒకటి తీసి పైకెత్తింది.

"దొంగిలించింది నేను."

"నేనూ," అన్నాడు సందనం.

మైదానమంతా చేతులు లేచాయి. చేతికో చీటీ.

"ఎన్ని బేడీలు తెచ్చావు నాయనా?" అంది సెల్లాయి.

ఇన్‌స్పెక్టర్ పేచియమ్మనొక్కదాన్నే బండెక్కించాడు. దొర ఆకు బుట్టలెత్తమని అరిచాడు. ఎవరూ ఎత్తలేదు. వారం దాటితే చిగురు ముదిరి ఎందుకూ పనికిరాదని అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. మూడువందల బుట్టలు బోర్లించి జనం బండి వెనకే నడిచారు.

ఆ ఓట్లని ఓడించడం చేతగాకే ఏళ్ళ తర్వాత నియోజకవర్గాన్ని చెరిపారు, జాబితాలో పేర్లు కొట్టేశారు. బోర్లించిన బుట్టల్ని కొట్టేసే కలం మాత్రం ఏ దొర దగ్గరా లేదు. సమ్మె తొమ్మిదో రోజున, కొండంతా ముదురాకుతో నల్లబడ్డాక, దొర తనే పోలీసు స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

పేచియమ్మ బయటికొచ్చి మొదట అడిగిన మాట ఒక్కటే.

"బుట్టలు ఎవరైనా ఎత్తారా?"

"లేదు."

"మంచిది. మన కంగాణిని మనమే ఎన్నుకుంటామని దొరతో చెప్పండి. ఒప్పుకునేదాకా అలాగే ఉండనివ్వండి."